పాత యుద్ధాలను చదవడం ఎలా? – 4వ పాఠం: చుక్క ఎక్కడ పెట్టాలి

పోయిన పాఠంలో రచయిత సంఘటనకు ఎన్నేళ్ల దూరంలో ఉన్నాడో లెక్క కట్టడం నేర్చుకున్నాం. ఈసారి ఒక తెల్లకాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. చదవడం మాత్రమే సరిపోదు, గీయాలి.

ఈ పాఠంలో మన ఊరు సగుంతుం, రోమ్‌కు మిత్రపట్టణం. స్పెయిన్ తూర్పు తీరంలో, నేటి వలెన్సియాకు కాస్త ఉత్తరాన ఉంది. క్రీ.పూ. 219లో కార్తేజ్ (ఉత్తర ఆఫ్రికా తీరంలోని నగరరాజ్యం, రోమ్‌కు ప్రత్యర్థి) సేనాని హన్నిబాల్ దాన్ని ముట్టడించాడు. ఎనిమిది నెలలకు ఊరు పడిపోయింది. మరుసటి ఏడే రోమ్ కార్తేజ్‌పై యుద్ధం ప్రకటించింది.

కాగితం కుడివైపున తీరరేఖ గీయండి. పైన పిరనీస్ కొండలు, వాటికి దిగువన సముద్రంలో కలిసే ఎబ్రో నది. క్రీ.పూ. 226 ప్రాంతంలో రోమ్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం కార్తేజ్ సేన ఆయుధాలతో ఈ నది దాటకూడదు. ఇప్పుడు సగుంతుం చుక్క పెట్టండి: ఎబ్రోకు వంద కిలోమీటర్లకు పైగా దక్షిణాన.

చూశారా? దక్షిణం నుంచి వచ్చిన హన్నిబాల్‌కు ఆ ఊరు చేరడానికి నది దాటే పనే లేదు. మరి ఒప్పందం మీరాడన్న నింద ఎలా నిలిచింది? క్రీ.శ. 2వ శతాబ్దపు చరిత్రకారుడు అప్పియన్ ఊరినే ఎబ్రోకూ పిరనీస్‌కూ మధ్యకు జరిపేశాడు. రోమన్ చరిత్రకారుడు లివీ ఊరిని జరపలేదు. సగుంతుంను ముట్టుకోరాదని ఒప్పందంలోనే ఉందన్నాడు. ముగ్గురిలో సంఘటనకు దగ్గరివాడైన గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్ కూడా ఒకచోట ఈ దాడిని ఒప్పంద భంగంగానే లెక్కించాడు. నాకైతే అప్పియన్ పొరపాటే మేలనిపిస్తుంది. పటం ముందు పెడితే వెంటనే దొరికిపోతాడు.

లివీతో అంత సులువు కాదు. సగుంతుం వాళ్లు విసిరిన ఫలారికా అనే ఈటెను ఆయన వర్ణిస్తాడు: పొడవాటి ఇనుపమొన, దాని వెనుక తారు పూసిన నార చుట్టి నిప్పంటించిన కర్ర. డాలుకు గుచ్చుకుంటే సైనికుడు భయంతో డాలు వదిలేయాల్సిందే. ఎదురుగా నిలబడి చూసినట్టుంటుంది. లివీ పుట్టిందేమో ముట్టడి జరిగిన 160 ఏళ్లకు!

ముట్టడిలో చిక్కుకున్న సగుంతుం వాళ్ల వైపు నుంచి రాసిన కథ ఒక్కటీ మనకు మిగల్లేదు. వాళ్ల నాణేల మీద ఐబీరియన్ లిపిలో ఆర్సె అన్న ఊరిపేరు మాత్రం ఉంది. చుక్క పక్కన ఆ పేరు కూడా రాసుకోండి.

అభ్యాసం: క్రీ.పూ. 212లో రోమన్లు పట్టుకున్న సిసిలీ ద్వీపంలోని సిరక్యూజ్ నగరానికి ఇలాగే పటం గీయండి. రేవులు ఎన్నో, ఏ వైపున్నాయో గుర్తించండి. 5వ పాఠంలో అవసరపడతాయి.