పాత సిట్రోయెన్ బిగుసుకుపోయిందా, కుంగిపోయిందా? హైడ్రాలిక్ సస్పెన్షన్ జబ్బు పట్టుకునే పద్ధతి

సిట్రోయెన్ బీఎక్స్, క్సాంటియా, ఎక్స్‌ఎం లాంటి పాత బండ్లలో సస్పెన్షన్ తేడా చేసిందనగానే చాలామంది చేసే పని స్ఫియర్లన్నీ, అంటే లోపల గ్యాస్, ఆయిల్ ఉండే గుండ్లన్నీ కొని మార్చేయడం. తరచూ ఆ డబ్బు దండగే అవుతుంది. బండిని పైకి లేపి నిలబెట్టేది స్ఫియర్ కాదు, ఆయిల్. స్ఫియర్‌లోని నైట్రోజన్ చేసేది స్ప్రింగు పని ఒక్కటే. బండి గతుకుల్లో ఎద్దుబండిలా దబదబలాడుతుంటే గ్యాస్ వైపు చూడాలి. లేవకపోతే, లేదా నిలబెట్టిన చోటే కుంగిపోతే ఆయిల్ వైపు చూడాలి. ఈ రెండింటినీ కలగలిపితే ఎన్ని కొత్త సామాన్లు బిగించినా జబ్బు ఎక్కడిదక్కడే ఉంటుంది.

ముందు ఆయిల్ వెళ్లే దారి తెలియాలి. ఇంజిన్‌తో తిరిగే పంపు రిజర్వాయర్ (ఆయిల్ డబ్బా) నుంచి ఆయిల్ లాగి రెగ్యులేటర్‌కు తోస్తుంది. ఒత్తిడి దాదాపు 170 బార్‌కు చేరగానే రెగ్యులేటర్ ఆ ఆయిల్‌ను వెనక్కి మళ్లిస్తుంది. 145 బార్ దగ్గరికి పడిపోగానే మళ్లీ లోపలికి పంపుతుంది. రెగ్యులేటర్‌కు బిగించి ఉండే గుండు అక్యుమ్యులేటర్ స్ఫియర్. ఒత్తిడితో ఉన్న ఆయిల్‌కు అదే నిల్వ. అక్కడి నుంచి భద్రతా వాల్వ్ ముందు బ్రేకులకు, ఆ తర్వాతే సస్పెన్షన్‌కు ఆయిల్ వదులుతుంది. ముందు ఒకటి, వెనక ఒకటి ఎత్తు సరిచేసే వాల్వులు, అంటే హైట్ కరెక్టర్లు ఉంటాయి. యాంటీ రోల్ బార్ నుంచి వచ్చే సన్నటి కడ్డీ వీటిని కదిలిస్తుంది. ఇక చక్రానికో సిలిండర్, దాని చివర ఒక స్ఫియర్. స్ఫియర్ లోపల రబ్బరు పొర ఉంటుంది. దానికి ఒక వైపు నైట్రోజన్, రెండో వైపు ఆయిల్. స్ఫియర్ మెడలో ఉండే చిన్న రంధ్రం, దాని పలకలే డాంపర్, అంటే ఊపును అణిచేది. 1955 నాటి డీఎస్‌తో నాలుగు చక్రాలకూ వచ్చిన ఈ ఏర్పాటు మూలంలో అలాగే కొనసాగింది.

మన దేశంలో 2021లో వచ్చిన సీ5 ఎయిర్‌క్రాస్‌కు ఇదేమీ వర్తించదు. దాని సస్పెన్షన్‌ను హైడ్రాలిక్ అని చెప్పినా అందులో ఉన్నది మామూలు స్ప్రింగు, డాంపరే. కాకపోతే డాంపర్ చివర్లలో హైడ్రాలిక్ ఆపుడు (స్టాప్) ఉంటుంది. ఇక్కడ చెప్పేది యూరప్‌లోనో మరో చోటో పాత బండి కొనుక్కున్నవాళ్లకు పనికొస్తుంది.

చెయ్యి పెట్టే ముందు

బండి సొంత సస్పెన్షన్ మీద నిలబడి ఉండగా కిందకి దూరకండి. ఒక పైపు తెగినా, ఎవరైనా బండి ఎత్తు మార్చే లీవర్ (ఎత్తు లీవర్) కిందికి జరిపినా బండి నేల దాకా దిగుతుంది. బాడీ కింద స్టాండ్లు పెట్టాకే దూరాలి. జాకీ ఒక్కటే చాలదు. రెండో ప్రమాదం లీకును వేలితో తడమడం. 170 బార్ దగ్గర సూదంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది. అది ఆసుపత్రిలో కోసి శుభ్రం చేయాల్సిన గాయం. అట్టముక్క అడ్డం పెడితే తడి ఎక్కడ పడుతుందో కనిపిస్తుంది.

మొదట ఆయిల్

ఈ బండ్లలో పోసేది ఎల్‌హెచ్‌ఎం అనే పచ్చటి మినరల్ ఆయిల్. బ్రేకులకూ అదే. అందుకే ఎవరో ఒకరు అలవాటు కొద్దీ మామూలు బ్రేక్ ఫ్లూయిడ్ పోసేస్తారు. ఈ సిస్టమ్‌లోని రబ్బరు మినరల్ ఆయిల్ కోసం చేసింది. బ్రేక్ ఫ్లూయిడ్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, ఆ తర్వాత ఒక్కో సీలూ వరసగా పోతుంది. పొరపాటున పోస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే రిజర్వాయర్ ఖాళీ చేసి కడగాలి. 2001లో వచ్చిన సీ5లో నారింజ రంగు ఎల్‌డీఎస్ వాడతారు. దాన్ని పచ్చ ఆయిల్‌తో కలపకూడదు.

ఆయిల్ మట్టం చూడడానికి ఇంజిన్ నడుస్తుండాలి, ఎత్తు లీవర్ అన్నిటికంటే పై స్థానంలో ఉండాలి, బండి పూర్తిగా లేచి ఉండాలి. అప్పుడు రిజర్వాయర్ మీది గాజు గొట్టంలో పసుపు రంగు సూచిక రెండు ఎర్ర గీతల మధ్య నిలవాలి. బండి కిందికి దిగి ఉన్నప్పుడు చూస్తే సిలిండర్లలోని ఆయిలంతా రిజర్వాయర్‌లోకి వచ్చి ఉంటుంది కాబట్టి నిండుగా ఉందని మోసపోతారు.

మూత తీసి రంగు కూడా చూడండి. పచ్చగా, తేటగా ఉంటే మంచిది. గోధుమ రంగుకు తిరిగితే మార్చాలి. మార్చే గడువు 60,000 కిలోమీటర్లు. పాలలా నురగ కడుతుంటే పంపు గాలి పీలుస్తోందని అర్థం. అలాంటప్పుడు రిజర్వాయర్ నుంచి పంపుకు వెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం మీదే మొదటి అనుమానం. అది బయటికి లీకవదు, ఎందుకంటే దానిలో ఉండేది పీల్చే శక్తి. పగులు నుంచి ఆయిల్ కారే బదులు గాలి లోపలికి వెళుతుంది. గొట్టాన్ని చివర్ల దగ్గర వంచి చూస్తే పగుళ్లు తెరుచుకుంటాయి. రిజర్వాయర్ లోపలి రెండు జాలీ ఫిల్టర్లనూ తీసి పెట్రోల్‌తో కడిగి, గాలి కొట్టి పెట్టండి. అవి మూసుకుపోతే పంపు ఎంత కొత్తదైనా దానికి ఆయిల్ అందదు.

టిక్ చప్పుడు లెక్క

ఈ బండి గురించి అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఇచ్చేది రెగ్యులేటర్ చేసే ‘టిక్’. స్టాప్‌వాచ్ ఉంటే చాలు. ఇంజిన్ వేడెక్కాక, బండి మామూలు ఎత్తులో స్థిరపడ్డాక, ఐడిలింగ్‌లో బ్రేకూ స్టీరింగూ ముట్టకుండా బానెట్ దగ్గర నిలబడి వినండి. పంపు ఆయిల్ నింపుతున్నప్పుడు చప్పుడు కాస్త బరువుగా ఉంటుంది. 170 దగ్గర టిక్ మని ఆ చప్పుడు తేలికపడుతుంది. మళ్లీ 145 దగ్గర ఇంకో టిక్, ఆ తర్వాత మళ్లీ బరువు.

రెండు సమయాలు విడివిడిగా రాసుకోండి: నింపడానికి పట్టిన సెకన్లు, నిలిచిన సెకన్లు. నిలిచే సమయం 30 సెకన్లు దాటితే బాగున్నట్టే. 10 సెకన్లలోపుకి వస్తే ఏదో ఉంది. ఇక్కడే చాలామంది తొందరపడి అక్యుమ్యులేటర్ కొనేస్తారు. నింపే సమయం, నిలిచే సమయం రెండూ తక్కువగా ఉండి, రెండు మూడు సెకన్లకోసారి టిక్‌టిక్ మంటుంటే అది నిజంగా అక్యుమ్యులేటర్ గ్యాసే. నిల్వ చేసే చోటు లేదు కాబట్టి కొద్ది ఆయిల్‌కే ఒత్తిడి 170కి ఎగబాకి, అంతే వేగంగా పడుతుంది. నింపడానికి మాత్రం మామూలు సమయమో అంతకంటే ఎక్కువో పట్టి, నిలవడం ఒక్కటే తక్కువైతే గ్యాస్ ఉంది. ఆయిల్ లోలోపల ఎక్కడో వెనక్కి జారిపోతోంది. అప్పుడు కొత్త అక్యుమ్యులేటర్ వేసినా లీకు అలాగే ఉంటుంది.

లోపలి లీకు ఏ భాగంలోదో పట్టుకోవడానికి కరెక్టర్లు, బ్రేక్ వాల్వ్, స్టీరింగ్ వాల్వ్ లాంటి భాగాల నుంచి రిజర్వాయర్‌కు తిరిగొచ్చే రిటర్న్ గొట్టాలను ఒక్కొక్కటే విప్పి, సీసాలో పెట్టి, ఒక నిమిషం చూడాలి. చుక్కలు పడడం సహజం. ధారగా వచ్చేదే దోషి.

ఒక్కో మూలా నొక్కి చూడడం

సమతలమైన నేల మీద, ఇంజిన్ నడుస్తుండగా, ఎత్తు లీవర్ డ్రైవింగ్ స్థానంలో పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ వదిలి, ఒక చక్రానికి ముందూ వెనకా కాస్త ఎడంగా చెక్కలు పెట్టాలి. చక్రం కొద్దిగానైనా దొర్లే వీలు లేకపోతే సస్పెన్షన్ పట్టేసినట్టు ఉండి పరీక్ష తప్పుతుంది. ఇప్పుడు ఒక్కో మూల మీద ఒంటి బరువంతా వేసి నొక్కండి. మంచి స్ఫియర్ ఉన్న మూల నీళ్లలో పడవలా మెత్తగా దిగి లేస్తుంది. గ్యాస్ పోయిన మూల బండరాయే. కదిలేది టైరు ఒక్కటే. ఎడమకూ కుడికీ తేడా పోల్చితే చిన్న లోపం కూడా తెలుస్తుంది. రబ్బరు పొర గుండా నైట్రోజన్ ఏళ్ల తరబడి మెల్లగా జారిపోతుంది కాబట్టి ఒకే వయసు స్ఫియర్లు జంటగా నీరసిస్తాయి, తేడా దొరకదు. అలాంటప్పుడు ముందు జంటను వెనక జంటతో పోల్చుకోండి.

బండి ఎత్తుగా లేచి, గట్టిగానూ ఉంటే స్ఫియర్‌ను అనకండి. పైకి పూర్తిగా లేచిన సస్పెన్షన్ చివరి ఆపుడుకు తగిలి ఎలాగూ గట్టిగానే ఉంటుంది. కరెక్టర్ కడ్డీ తుప్పు పట్టి ఇరుక్కుంటే ఇలా అవుతుంది. వెనక డిక్కీ అంచున ఒకరిని కూర్చోబెట్టండి. తోక దిగి, కొన్ని సెకన్లలో మళ్లీ మామూలు ఎత్తుకు రావాలి. కూర్చున్న మనిషి లేచిపోతే తోక ముందు పైకి పోయి, తర్వాత దిగాలి. రెండు వైపులా స్పందన లేకపోతే కింద కడ్డీ గోళపు కీలు చూడండి. తరచూ శుభ్రం చేసి గ్రీజు పెడితే సరిపోతుంది.

హైడ్రాక్టివ్ (కరెంటుతో సస్పెన్షన్ మెత్తదనం మార్చే ఏర్పాటు) ఉన్న క్సాంటియా, ఎక్స్‌ఎంలలో ముందూ వెనకా ఒక్కో అదనపు స్ఫియర్ ఉంటుంది. దాన్ని విద్యుత్ వాల్వ్ కలుపుతుంది, విడదీస్తుంది. అన్ని మూలలూ ఒకేలా గట్టిగా ఉంటే నాలుగు స్ఫియర్లు ఒక్కసారిగా పోయాయని అనుకునే ముందు ఆ వాల్వ్‌కు కరెంటు అందుతోందా, ఆ అదనపు స్ఫియర్‌లో గ్యాస్ ఉందా చూడాలి.

లేవని బండి, కుంగే బండి

అసలు లేవకపోతే ముందు బెల్టు, ఆయిల్ మట్టం, పీల్చే గొట్టం. తర్వాత రెగ్యులేటర్ మీది బ్లీడ్ స్క్రూ, అంటే ఒత్తిడి వదిలే మర. ఏదైనా పని చేశాక దాన్ని బిగించడం మరిచిపోవడం మామూలే. దాన్ని 12 ఎంఎం పానాతో విప్పాలి. ఒకటిన్నర చుట్టు మించి వదులు చేయకండి, వెనకున్న చిన్న గోళీ జారిపోతుంది. ఎండిపోయిన పంపుకు ఆయిల్ ఎక్కించాలన్నా ఇదే స్క్రూ వదులు చేసి కాసేపు ఇంజిన్ నడిపి బిగించాలి. స్టీరింగ్ తేలిగ్గా ఉందని పంపు బాగుందనుకోకండి. క్సాంటియాలోని ఎనిమిది పిస్టన్ల పంపులో ఆరు స్టీరింగ్‌వి, సస్పెన్షన్‌కు రెండే. ప్రెజర్ హెచ్చరిక దీపం ఆరి, టిక్ సరిగా ఉండి, వెనక ఒక్కటే లేవకపోతే పంపును వదిలేసి వెనక కరెక్టర్, దాని పైపు చూడాలి.

కుంగడంలో సమయమే సాక్ష్యం. బీఎక్స్ రాత్రి నిలబెడితే తెల్లారేసరికి దిగి ఉండడం జబ్బు కాదు. కుంగకుండా అడ్డుకునే వాల్వ్ ఉన్న తర్వాతి క్సాంటియా మాత్రం రోజుల తరబడి నిలవాలి. ఇంజిన్ ఆపిన కొన్ని నిమిషాల్లోనే ఒక చివర దిగిపోతుంటే ఆ చివరి కరెక్టరో సిలిండరో ఆయిల్ వదిలేస్తోంది. నేల మీద పచ్చ చుక్కలుంటే బయటి లీకు. సిలిండర్ల రబ్బరు తొడుగులు, రిటర్న్ గొట్టాల చివర్లు, వెనక ఇరుసు పైన మట్టి పేరుకునే చోట ఉండే సన్నటి ఉక్కు పైపులు వరసగా చూడండి. జాయింటు దగ్గర కారుతుంటే నట్టును ఇంకా బిగించకండి. అక్కడ ఆయిల్ ఆపేది పైపు మీది చిన్న రబ్బరు సీలు. బిగిస్తే పైపు నలుగుతుంది. విప్పి కొత్త సీలు వేయండి.

స్ఫియరే పోయిందని తేలితే

లీవర్ కిందికి పెట్టి, ఇంజిన్ ఆపి, బ్లీడ్ స్క్రూ వదులు చేసి బుస్సుమనే చప్పుడు ఆగేదాకా ఉండండి. బండి స్టాండ్ల మీదే ఉండాలి. చైన్ రెంచితో స్ఫియర్ విప్పండి. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద చెక్కిన నంబరు చూసుకోవాలి. మర (థ్రెడ్) సరిపోయినంత మాత్రాన సరైనది కాదు. గ్యాస్ ఒత్తిడి, డాంపర్ రంధ్రం బండిని బట్టి మారతాయి. తప్పుది వేస్తే బండి ఊగిపోతుంది లేదా గతుకుల్లో దబదబలాడుతుంది. పాత సీలు తీసి, చోటు తుడిచి, కొత్త సీలుకు ఎల్‌హెచ్‌ఎం రాసి, చేత్తోనే బిగించండి. ఒత్తిడే సీలును బిగిస్తుంది, పానా అవసరం లేదు. తిరిగి గ్యాస్ నింపించే పనైతే నైట్రోజన్ మాత్రమే. ఆయిల్ పక్కన ఆక్సిజన్ పేలుతుంది.

బ్లీడ్ స్క్రూ బిగించి, ఇంజిన్ నడుపుతూ లీవర్‌ను కింద నుంచి పైకి నాలుగైదు సార్లు పూర్తిగా తిప్పితే గాలి రిజర్వాయర్‌లోకి వెళ్లిపోతుంది. బండి పై స్థానంలో ఉండగా ఆయిల్ మట్టం మళ్లీ చూసి, టిక్ సమయం మళ్లీ రాసుకోండి. ఇన్ని చేశాకా వెనక చక్రాలు పైభాగంలో లోపలికి వాలి కిర్రుమంటుంటే ఆయిల్‌తోనూ గ్యాస్‌తోనూ పని లేదు. వెనక చక్రాలను పట్టి ఉంచే చేతుల (ఆర్మ్‌ల) బేరింగులు అరిగాయి.