ఇంటి కచేరీ రికార్డింగ్‌లో మృదంగం గొంతును మింగేస్తుంటే

ఇంట్లో మైకుల్లేకుండా జరిగే చిన్న కచేరీని రికార్డు చేసి తర్వాత వింటే, మృదంగం తొప్పి (మంద్రంగా మోగే ఎడమ వైపు) గుమ్మని మోగుతుంది, వయొలిన్ కీచుమంటుంది, పాట ఎక్కడో దూరంగా ఉంటుంది. తర్వాత ఈక్వలైజర్ (మంద్ర, తార ధ్వనుల్ని పెంచి తగ్గించే సాధనం) తిప్పితే గొంతు సహజత్వమే పోతుంది. రికార్డర్ స్టాండు సరైన చోట పెడితే చాలావరకు ఆ అవసరం రాదు.

రికార్డర్‌ని నేల మీద పెట్టకండి. గాయకుడికి ఎదురుగా 6 అడుగుల దూరంలో, 5 అడుగుల ఎత్తులో స్టాండు మీద ఉంచి, ఆయన ఛాతీ వైపు కాస్త కిందికి వంచండి. అందరూ గోడకు కనీసం 3 అడుగులు ముందుకు కూర్చోవాలి. మృదంగం గది మూలలో మాత్రం వద్దు, అక్కడ మంద్ర ధ్వని బాగా పెరిగిపోతుంది. కింద జంపఖానా పరవండి. రికార్డర్‌లో ఆటో లెవెల్ (ధ్వని స్థాయిని దానంతటదే మార్చే సదుపాయం) ఆపేసి, గట్టిగా వాయించినా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి. ఫ్యాను ఆపాల్సిందే.

ఇప్పుడు ముగ్గురూ కలిసి ఒక నిమిషం పాడి వాయించాక హెడ్‌ఫోన్స్‌లో వినండి. విడివిడిగా వింటే ఏమీ తెలియదు. మృదంగం ఎక్కువైతే అది వాయించే ఆయన్ని ఒక అడుగు వెనక్కి జరగమనండి. వయొలిన్ కీచుమంటుంటే స్టాండు ఎత్తు జానెడు అటూ ఇటూ మార్చి మళ్ళీ వినండి. ఈ పరీక్షకు పది నిమిషాలు పడుతుంది, అది తప్పించుకోవద్దు.

మార్బుల్ నేల, ఖాళీ గోడలు ఉన్న హాల్లో 6 అడుగుల దూరం పనికిరాదు, అంతా ప్రతిధ్వనిస్తుంది. అక్కడ 4 అడుగులకు దగ్గరై, గోడలకు దుప్పట్లు వేలాడదీయండి.