కార్టూన్ గీద్దాం – 3వ పాఠం: రఫ్ నుంచి ఇంకు దాకా

పోయిన పాఠంలో రాసుకున్న ఐడియాల్లోంచి ఒకదాన్ని ఈసారి చివరిదాకా గీద్దాం. మనం తీసుకునేది ఇది: అర్ధరాత్రి దొంగ ఇనప్పెట్టె తెరవడానికి తంటాలు పడుతున్నాడు. ఇంటాయన నిద్రకళ్లతో గుమ్మంలో నిలబడి అతనితో ఏదో అంటున్నాడు.

ముందు క్యాప్షన్ సంగతి తేల్చుకోవాలి. తొలి ప్రయత్నంలో సాధారణంగా ఇలా వస్తుంది: "అది తెరుచుకుంటే మమ్మల్ని లేపండి, ఎందుకంటే దాని తాళంచెవి పోయి మూడు నెలలైంది." విషయమంతా ఉంది, నవ్వు మాత్రం రాదు. నవ్వించే ముక్క 'లేపండి'. అది ముందే అయిపోయాక మిగిలింది వివరణే. తిరగేసి చూడండి: "తాళంచెవి పోయి మూడు నెలలైంది. తెరుచుకుంటే కాస్త లేపండి." 'అది', 'ఎందుకంటే', 'దాని' ఎగిరిపోయాయి. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి పేలాల్సిన మాటను ఆఖర్న పెట్టడం మనకు తేలిక. ఈ సౌకర్యాన్ని 'ఎందుకంటే'తో చేజేతులా పాడుచేసుకోకూడదు. 'కాస్త'ను మాత్రం కొట్టేయకండి. దొంగతో అంత మర్యాదగా మాట్లాడటంలోనే సగం హాస్యం ఉంది. 'దొంగగారూ' అని మొదలుపెట్టనక్కర్లేదు. అతను దొంగ అని బొమ్మే చెబుతుంది.

ఇక రఫ్. 5 సెంటీమీటర్ల వెడల్పున చిన్న డబ్బాలు నాలుగైదు గీసి, ఒక్కోదానిలో మనుషుల్ని ఒక్కో చోట పెట్టి చూడండి. ముఖాలు వద్దు, గుండ్రాలు చాలు. మన కన్ను ఎడమ నుంచి కుడికి వెళుతుంది. అందుకని దొంగ, ఇనప్పెట్టె ఎడమవైపు, మాట్లాడే ఇంటాయన కుడివైపు ఉండాలి. పాఠకుడు ముందు పరిస్థితిని చూస్తాడు, తర్వాత మనిషిని, అక్కడి నుంచి కిందికి దిగి క్యాప్షన్ చదువుతాడు. ఇంటాయన్ని ఎడమకు మార్చితే పాఠకుడు దొంగ దగ్గర ఆగి, ఈ మాట అన్నదెవరా అని వెనక్కి వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలో నవ్వు చచ్చిపోతుంది.

బొమ్మలో ఒక్క నోరే తెరిచి ఉండాలి. కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు, దొంగను కూడా నోరు వెళ్లబెట్టినట్టు గీయడం. అప్పుడు మాట ఎవరిదో తెలియదు. పైగా రెండు ముఖాలూ పోటీ పడతాయి. దొంగ తల వెనక్కి తిప్పి, చెయ్యి పెట్టె పిడి మీదే ఆగిపోయి ఉంటే చాలు. ఇంటాయన ముఖంలో కోపం, భయం రెండూ ఉండకూడదు. రెప్పలు సగం వాల్చండి, ఒక భుజం ద్వారబంధానికి ఆనించండి. ఇనప్పెట్టెను కాస్త పెద్దదిగానే గీయండి, లేకపోతే ఫ్రిజ్ అనుకుంటారు. రాత్రి అని తెలియడానికి నల్లటి కిటికీ ఒకటి సరిపోతుంది. పటాలు, పూలకుండీలు అక్కర్లేదు.

రఫ్ వేస్తుండగా బొమ్మ దారి తప్పితే వెంటనే చించేయకండి. అమెరికన్ కార్టూనిస్టు జేమ్స్ థర్బర్ రాతి మీద సముద్రజంతువైన సీల్‌ను గీయబోతే ఆ రాయి మంచం తలవైపు పలకలా వచ్చింది. దాన్ని అలాగే ఉంచి, కింద మంచం మీద భార్యాభర్తల్ని గీశాడు. 1932లో న్యూయార్కర్ పత్రికలో వచ్చిన ఆ కార్టూన్‌ను ఇప్పటికీ తలుచుకుంటారు. గీత చెప్పేది వినగలగడం ఎంత గొప్ప విద్యో అక్కడ తెలుస్తుంది.

ఫెయిర్ బొమ్మను అచ్చయ్యే కొలతకు ఒకటిన్నర రెట్లు గీయండి. 8 సెంటీమీటర్ల వెడల్పున అచ్చయ్యేదాన్ని 12 సెంటీమీటర్లకు గీయాలి. అప్పుడు 0.3 మిల్లీమీటర్ల గీత అచ్చులో 0.2 అవుతుంది, ఫర్వాలేదు. 0.1 గీత మాత్రం తెగిపోతుంది. కిటికీ నలుపు కోసం గీతలు మరీ దగ్గరగా వేస్తే అచ్చులో అతుక్కుని మరకలా కనిపిస్తాయి. నలుపే కావాలనుకుంటే పూర్తిగా నింపేయడం మేలు.

పెన్సిల్ హెచ్‌బీ, చెయ్యి తేలిగ్గా ఆడించాలి. హెచ్‌బీకంటే గట్టిదైన 2హెచ్‌తో నొక్కి గీస్తే కాగితంలో గాడి పడి, పాళీ అందులోకి జారుతుంది. నునుపైన మందపాటి కాగితం మీద వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంక్ వాడండి. కుడిచేతివాటం వాళ్లు పైన ఎడమ మూల నుంచి మొదలుపెడితే తడి గీత మీద చెయ్యి పడదు. పొడుగు గీతలకు వేళ్లు కాదు, మోచెయ్యి కదలాలి. గీత వణుకుతోందంటే చాలావరకు మరీ నెమ్మదిగా లాగుతున్నారనే అర్థం. ఇంకు పూర్తిగా ఆరాకే రబ్బరు పట్టండి. తొందరపడితే నలుపు పాకి బొమ్మంతా బూడిదరంగు అవుతుంది. చిన్న తప్పుల మీద తెల్ల పోస్టర్ కలర్ చాలు.

క్యాప్షన్‌ను చేత్తో రాస్తారో, పత్రికవాళ్లకు టైపు చేసి పంపుతారో మీ ఇష్టం. చేత్తో రాసేటట్టయితే బాపు కార్టూన్లు ముందు పెట్టుకుని ఆ రాతను శ్రద్ధగా చూడండి. అక్షరాలు కూడా బొమ్మ గీసిన చేతివే అని ఇట్టే తెలుస్తుంది. నలుపు తెలుపు బొమ్మను కనీసం 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేయండి.

ఇప్పుడు పరీక్ష. క్యాప్షన్ మూసి, బొమ్మను ఎవరికైనా మూడు సెకన్లు చూపించండి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పలేకపోతే మళ్లీ రఫ్‌కే వెళ్లాలి. వచ్చే పాఠానికి ఇదే దృశ్యాన్ని క్యాప్షన్ లేకుండా నవ్వొచ్చేలా మూడు రకాలుగా రఫ్ వేసి ఉంచుకోండి. 4వ పాఠం మాటల్లేని కార్టూన్ల గురించి.