బరువు తగ్గే ప్రయత్నంలో నన్ను నిలబెట్టిన ఏర్పాట్లు

తొలివారాల్లో చకచకా తగ్గిన బరువు ఆ తరువాత కదలకపోవడంతో నా ఉత్సాహం సన్నగిల్లింది. మొదట తగ్గేదాంట్లో నీటి బరువే ఎక్కువనీ, ఆవకాయ దట్టించి తిన్న మరునాడు ఆ ఉప్పు వల్లే ముల్లు పైకి జరగవచ్చుననీ తెలిశాక, ఆదివారం ఉదయం పరగడుపున మాత్రమే బరువు చూసుకుంటూ, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ టేపు చుట్టి, ఆ కొలతను గోడమీది క్యాలెండరులో రాయసాగాను. మన దేశంలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటిన నడుమును వైద్యులు ముప్పుగా పరిగణిస్తారు. బరువు కదలని వారాల్లోనూ ఈ కొలత తగ్గుతూ ఉండడమే నాకు ధైర్యాన్నిచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చెబుతుంది కనుక, ఐదు రోజులు అరగంట చొప్పున నడుస్తున్నాను. పొరుగింటి పెద్దాయన ఐదున్నరకే గేటు దగ్గర నిలబడి, "ఏం బాబూ, బయలుదేరదామా?" అని పిలుస్తారు; ఆ పిలుపుకున్న బలం ఏ సంకల్పానికీ లేదని నా నమ్మకం.

అన్నం మానలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచించినట్లు కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లకు కేటాయించి, ముందుగా బీరకాయ కూర, తోటకూర పప్పు తిన్నాకే అన్నం వడ్డించుకుంటున్నాను. సాయంత్రం ఆకలికి వేయించిన శనగలు, పలుచని మజ్జిగ చాలుతున్నాయి. మధుమేహానికి మందులు వాడేవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా అన్నం తగ్గించకూడదు. మోతాదు మార్చకపోతే రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది.