మ్యూజికల్ సినిమా రివ్యూలు ఎలా చదవాలి

మ్యూజికల్ అంటే పాటలతోనే కథ నడిపే సినిమా. దాని రివ్యూ చదివేటప్పుడు ముందు రేటింగ్ వదిలేసి, సినిమాకి మూలమైన నాటకం ఉంటే, రాసినవాళ్లు దాన్ని స్టేజీ మీద చూశారో లేదో పట్టుకోండి. 2012 నాటి లే మిజరబుల్స్ సినిమా (మన 1950 నాటి బీదల పాట్లు సినిమా కథే) తీసుకోండి: పాటలు ముందే రికార్డు చేయకుండా, నటులకు చెవిలో పియానో వినిపిస్తూ సెట్లోనే పాడించారు. నటి ఆన్ హాథవే పాట దాదాపు ఒకే షాట్, కెమెరా ముఖం మీదే ఉంటుంది, ఏడుపుకి గొంతు జీరబోతుంది. కొందరు విమర్శకులకు ఆ క్లోజప్పులతోనే ఊపిరాడలేదు, హాల్లో జనం మాత్రం కళ్లు తుడుచుకున్నారు, ఆమెకు ఆస్కార్ కూడా వచ్చింది. అందులోని మరో నటుడు రసెల్ క్రో గొంతునైతే రెండు వైపులా ఉతికారేశారు!

అందుకే క్లోజప్పులు ఎక్కువ అన్న మాట కనిపిస్తే అది మీకు ప్లస్సో మైనస్సో మీరే తేల్చుకోండి. ప్రేక్షకుల టాక్ రెండో వారానిది చూడండి, మొదటి రోజు వచ్చేది ఎలాగూ వీరాభిమానులే. మాటలు కూడా పాటల్లోనే అంటే చిరాకా? టికెట్ కొనకండి.