రో_నంబర్ ఒక్కోసారి ఒక్కో వరుసకి 1 ఇస్తుంటే

ప్రతి కస్టమర్‌కీ తాజా అడ్రస్ ఒక్కటే తీయాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో, వరుసలకి 1, 2, 3 అని నంబర్లిచ్చే రో_నంబర్ ఫంక్షన్ వాడి, కస్టమర్ ఐడీతో పార్టిషన్ చేసి (ఒక్కో కస్టమర్ వరుసల్ని ఒక్కో గుంపుగా విడదీసి), మార్చిన తేదీని డిసెండింగ్‌లో (కొత్తది ముందు) పెట్టి, 1 వచ్చిన వరుసలే తీసుకునే క్వెరీ అది. పొద్దున ఒక అడ్రస్, సాయంత్రం ఇంకొకటి! డేటా మాత్రం మారలేదు.

రో_నంబర్ బదులు, సమానంగా ఉన్న వరుసలకి ఒకే నంబర్ ఇచ్చే ర్యాంక్ పెట్టి చూస్తే గుట్టు బయటపడింది: ఒకే కస్టమర్‌కి రెండు వరుసలకీ 1. మార్చిన తేదీ కాలమ్‌లో తేదీయే ఉంది, టైమ్ లేదు. ఒకే రోజు రెండు మార్పులు జరిగితే రో_నంబర్ ఏదో ఒకదానికి 1 ఇచ్చేస్తుంది. క్రమాన్ని చెప్పే ఆర్డర్ బై చివర ప్రైమరీ కీని (ప్రతి వరుసకీ వేరుగా ఉండే ఐడీని) కూడా డిసెండింగ్‌లో చేర్చాక ఫలితం నిలకడగా వచ్చింది. (ఐడీలు పెరుగుతూ పోయే టేబుల్ కాబట్టి సరిపోయింది. యాదృచ్ఛిక యూయూఐడీలు, అంటే ఏ క్రమం లేకుండా పుట్టే ఐడీలైతే తాజాది ఇదేనని చెప్పలేం.)

ఇంకో తిరకాసు, తేదీ నల్‌గా (ఖాళీగా) ఉన్న వరుసలు. డిసెండింగ్‌లో పోస్ట్‌గ్రెస్ వాటినే ముందు పెడుతుంది. నల్స్ లాస్ట్ అని రాశాకే కిందికి దిగాయి.