పిచర్ లెక్కలు – 4వ పాఠం: జట్టు సాగనంపిన తర్వాత

బేస్‌బాల్ పిచర్ల (క్రికెట్‌లో బౌలర్ లాంటివారు) లెక్కల మీద ఈ పాఠం నేరుగా విషయంతో మొదలవ్వాల్సింది. కానీ పోయినసారి చివర ఇచ్చిన చిన్న లెక్క దగ్గరే చాలామంది బోల్తాపడ్డారు. ముందు ఆ గొయ్యి పూడ్చాలి.

లెక్క ఇది. 2017లో న్యూయార్క్ మెట్స్ పిచర్ మాట్ హార్వీ 92.2 ఇన్నింగ్స్ విసిరాడు, అతని ఖాతాలో 69 పరుగులు (ఈ పాఠమంతటా పరుగులంటే ఫీల్డర్ తప్పిదంతో రానివే) పడ్డాయి, ఈఆర్‌ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఇచ్చిన పరుగుల సగటు, ఎంత? అది తగ్గేకొద్దీ మేలు. ఎక్కువమంది పంపిన జవాబు 6.74. సరైనది 6.70. అందరూ 69ని తొమ్మిదితో హెచ్చించి 92.2తో భాగించేశారు. కాలిక్యులేటర్ తప్పు చేయలేదు, మీరు దానికి తప్పు సంఖ్య ఇచ్చారు.

ఆ చుక్క దశాంశ బిందువు కాదు. 92 ఇన్నింగ్స్ పూర్తయ్యాక ఇంకో రెండు అవుట్లు అని దాని అర్థం. ఇన్నింగ్స్‌కు మూడు అవుట్లే కాబట్టి చుక్క తర్వాత సున్నా, ఒకటి, రెండు తప్ప మరో అంకె రానే రాదు. టీవీలో 18.4 ఓవర్లు అని కనబడితే "ఇంకా ఎనిమిది బంతులున్నాయి" అని తడుముకోకుండా చెప్పేవాళ్లం మనం. ఓవర్‌కు ఆరు బంతులని గుర్తుంచుకున్న బుర్రకు ఇన్నింగ్స్‌కు మూడు అవుట్లని గుర్తుంచుకోవడం ఏపాటి పని?

"వందలో నాలుగు వంతుల తేడాకు ఇంత రాద్ధాంతమా?" అని ఒకరు అడిగారు. ఆయన కోసం ఇంకో ఏడాది చూపిస్తాను. 2020లో ఇదే హార్వీ కాన్సస్ సిటీ రాయల్స్ తరఫున 11.2 ఇన్నింగ్స్ మాత్రమే విసిరి 15 పరుగులు ఇచ్చాడు. మీ పద్ధతిలో 12.05 వస్తుంది. నిజానికి అది 11.57. దాదాపు అర పరుగు గల్లంతైంది. ఇన్నింగ్స్ తగ్గేకొద్దీ ఈ తప్పు ఉబ్బిపోతుంది. జట్టు మధ్యలో వదిలేసిన పిచర్ చేతిలో ఉండేవి ఎప్పుడూ కొద్దిపాటి ఇన్నింగ్సే కదా! కాబట్టి ఈ పాఠంలోనే ఇది నిలబడి కాటేస్తుంది.

కూడికలోనూ ఇదే తంటా. 2016లో హార్వీ విసిరినవి కూడా, కాకతాళీయంగా, 92.2 ఇన్నింగ్సే. రెండేళ్లూ కలిపితే 184.4 అని రాసినవారున్నారు. చుక్క తర్వాత నాలుగు ఎక్కడి నుంచి వచ్చిందో వారినే అడగాలి. రెండూ రెండూ నాలుగు అవుట్లు, అందులో మూడు కలిస్తే ఒక ఇన్నింగ్స్, మిగిలింది ఒకటి. అంటే 185.1. ఆ 2016లో పరుగులు 50, ఈఆర్‌ఏ 4.86. మరుసటి ఏడాది సరిగ్గా అన్నే అవుట్లకు 19 పరుగులు ఎక్కువ ఇచ్చాడు. ఈ రెండేళ్లను పక్కపక్కన పెట్టి చూడటం నాకు మహా ఇష్టం. కింది సంఖ్య కదలకుండా పై సంఖ్య మాత్రమే కదిలిన ఇలాంటి జత అరుదుగా దొరుకుతుంది.

నా సొంత అలవాటు చెబుతాను, నచ్చితే పట్టుకోండి. నేను ఇన్నింగ్స్‌ను అసలు రాసుకోను, అవుట్లే రాసుకుంటాను. 92.2 అంటే 278 అవుట్లు. పరుగులను 27తో (తొమ్మిది ఇన్నింగ్స్‌లోని అవుట్లు) హెచ్చించి అవుట్లతో భాగిస్తే ఈఆర్‌ఏ వచ్చేస్తుంది. చుక్కతో పనే లేదు.

ఇక విషయానికి వద్దాం: జట్టు సాగనంపిన పిచర్‌ను ఎలా తూచాలి? ఫీల్డర్ తప్పిదంతో వచ్చిన పరుగులు ఈఆర్‌ఏలో ఎందుకు చేరవో మళ్లీ చెప్పను. గెలుపోటముల పట్టిక జోలికీ పోను, పిచర్‌ను తూచడానికి అది పనికిరాదని నా అభిప్రాయం.

2013లో హార్వీ ఈఆర్‌ఏ 2.27. ఆ ఏడాది న్యూయార్క్‌లోనే జరిగిన, రెండు లీగ్‌ల మేటి ఆటగాళ్లు తలపడే ఆల్ స్టార్ ఆటలో నేషనల్ లీగ్ తరఫున మొదటి బంతి విసిరింది అతనే. ఆ సీజన్ ముగిశాక మోచేతికి శస్త్రచికిత్స జరిగింది, 2014 మొత్తం పోయింది. 2015లో 2.71తో తిరిగొచ్చాడు. 2016 జులైలో మరో శస్త్రచికిత్స, ఈసారి మెడకూ భుజానికీ మధ్య నరాలు నొక్కుకుపోయే జబ్బుకు. ఆ తర్వాతి కథ పైన చూశారు.

2018 ఏప్రిల్లో నాలుగు ఆటల్లో మొదటి పిచర్‌గా దిగాక అతన్ని మధ్యలో వచ్చి విసిరేవారి వరుసలోకి నెట్టారు. అక్కడా కుదరలేదు. మే మొదటి వారంలో చిన్న లీగ్‌కు (దిగువ స్థాయి పోటీలకు) వెళ్లమంటే కాదన్నాడు. జట్టు అతన్ని తన 40 మంది ఆటగాళ్ల ప్రధాన జాబితా నుంచి పక్కకు తీసింది. దీన్ని "తీసేశారు" అని అనువదించుకోకండి. పక్కన పెట్టాక ఇంకో జట్టుతో బేరం కుదుర్చుకోవడానికి జట్టుకు కొద్ది రోజుల గడువుంటుంది. మే 8న బేరం కుదిరింది, క్యాచర్ (వికెట్ కీపర్ లాంటివాడు) డెవిన్ మెసొరాకో న్యూయార్క్‌కు, హార్వీ సిన్సినాటి రెడ్స్‌కు.

అప్పటికి అతని లెక్క 27 ఇన్నింగ్స్, 21 పరుగులు, ఈఆర్‌ఏ 7.00. సిన్సినాటిలో మిగతా సీజన్ 128 ఇన్నింగ్స్, 64 పరుగులు, 4.50. "చూశారా, బంగారాన్ని పారేసుకున్నారు" అని తీర్పు చెప్పేయాలని నాలుక దురద పెడుతుంది. కాస్త ఆగండి.

ఆ 21లో నాలుగు పరుగులు తీసేయండి. అంటే ఒక్క చెడ్డ ఇన్నింగ్స్, ఫీల్డర్ వేలికొసను దాటిపోయిన రెండు బంతులు, ఒక హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది). 7.00 కాస్తా 5.67 అవుతుంది. అదే నాలుగు పరుగులు సిన్సినాటి లెక్కలోంచి తీస్తే 4.50 పోయి 4.22. ఒకచోట ఒకటిన్నరకు దగ్గరగా కూలింది, రెండోచోట కదిలీ కదలనట్టు ఉంది. కాబట్టి జట్టు వదిలేసిన పిచర్ ఈఆర్‌ఏ కనబడగానే మీ కన్ను ముందు అవుట్ల మీద పడాలి. 81 అవుట్ల మీద నిలబడ్డ 7.00ను నేను సంఖ్యగా చూడను, వదంతిగా చూస్తాను.

మరి దేన్ని నమ్మాలి? ఫీల్డర్లకు సంబంధం లేనివాటిని. మూడు స్ట్రైకులతో బ్యాటర్ అవుటయ్యే స్ట్రైకౌట్‌కు పిచర్, క్యాచర్ చాలు. నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కు ఊరికే మొదటి బేస్ దక్కే వాక్‌కూ అంతే. హార్వీ న్యూయార్క్‌లో ఆ 81 అవుట్లలో 20 స్ట్రైకౌట్లు తీశాడు, అంటే వందకు 25. సిన్సినాటిలో 384 అవుట్లకు 111, అంటే వందకు 29. వాక్‌లు న్యూయార్క్‌లో 9, సిన్సినాటిలో 28. వందకు 11 నుంచి 7కు దిగాయి. నికార్సైన విశ్లేషకులు దీన్ని ఎదుర్కొన్న బ్యాటర్ల సంఖ్యతో భాగిస్తారు, అదే మెరుగు. నాది అడ్డదారి.

మెరుగుపడ్డాడా? పడ్డాడు. ఏడు నుంచి నాలుగున్నరకు దిగినంతగానా? ఆ మాట స్ట్రైకౌట్లు చెప్పడం లేదు. 2013లో 535 అవుట్లకు 191 తీశాడు, వందకు 36 దాకా. ఆ చెయ్యి తిరిగి రాలేదు. సిన్సినాటి మైదానం చిన్నది, అక్కడ హోమ్ రన్లు సులువుగా ఎగురుతాయి. ఆ మేరకు 4.50కి కొంచెం గౌరవం కలపాలి. కానీ కొంచెమే.

ఒక మాట మరిచాను. 2018 మొత్తానికి ఈఆర్‌ఏ కావాలంటే 7.00, 4.50 కలిపి రెండుతో భాగించి 5.75 అనకండి. పరుగులు 85, ఇన్నింగ్స్ 155, జవాబు 4.94. సగటులకు సగటు కట్టేవారికి రేపటి నుంచి కాలిక్యులేటర్ ముట్టుకునే అర్హత లేదు.

అభ్యాసం. హార్వీ 2019లో ఏంజెల్స్ తరఫున 59.2 ఇన్నింగ్స్‌లో 47 పరుగులు ఇచ్చి మళ్లీ సాగనంపబడ్డాడు. 2020 లెక్క పైన ఉంది. 2021లో ఓరియోల్స్ తరఫున 127.2 ఇన్నింగ్స్, 89 పరుగులు. మూడేళ్లనూ కలిపి ఒకే ఈఆర్‌ఏ కట్టండి. ఇన్నింగ్స్ మొత్తం 197.6 అని వచ్చినవారు చుక్క గురించి చెప్పిన పేరాకు తిరిగి వెళ్లండి. మొత్తం చుక్క అవసరం లేకుండా వస్తుంది, ఈఆర్‌ఏ 6.83 అవుతుంది.

అది సరిపోయినవారికి రెండో పని. 2018 మే 8వ తేదీ రాత్రి మీరే న్యూయార్క్ జట్టు అధికారి అనుకుని, తర్వాత జరిగింది ఏదీ తెలియనట్టుగా, హార్వీని వదిలేయడం సరైనదో కాదో అయిదు వాక్యాల్లో రాయండి. ఈఆర్‌ఏ అన్న మాట ఒక్కసారి కూడా రాకూడదు.